వెనక్కి కట్టుకున్న చేతులు

"నేను పొయ్యలేదంటే పొయ్యలేదు," అంది అమ్మ, ఆ ఉదయం నాలుగోసారి.

"మరి మిషన్ తనంతట తానే వంటింట్లోకి నడిచెళ్ళి వంటనూనె పోసుకొచ్చిందా?" అన్నాడు కొడుకు బూట్లు వేసుకుంటూ.

"పోసుకుందేమో! ఎనిమిది నెలల్నించీ దాన్ని పలకరించిన దిక్కు లేదు. ఊళ్ళో కుట్టుమిషన్లన్నిటికీ నువ్వే డాక్టరువి. ఇంట్లోది మాత్రం మూలన పడి మూలుగుతోంది."

"తప్పు ఒప్పుకో, సాయంత్రానికల్లా బాగుచేస్తాను."

"చెయ్యని తప్పు ఒప్పుకోను. దాన్ని పాతిపెట్టుకో పో."

నాన్న పేపరు ఇంకాస్త పైకెత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"అన్నయ్యకి తీరికెక్కడిదమ్మా?" అంది చెల్లెలు. "మంగళవారం, శుక్రవారం హోమ్‌లో క్లాసులు. ఈమధ్య ఆదివారాలు కూడానూ."

"వాళ్ళందరికీ రిపేరు నేర్పేస్తే రేపు వీణ్ణెవరు పిలుస్తారట?"

అతను పనిముట్ల సంచీ భుజాన వేసుకుని బయటపడ్డాడు.

హోమ్ అంటే, ఇంట్లో బతకలేక పిల్లల్ని వెంటబెట్టుకుని బయటికొచ్చిన ఆడవాళ్ళు తలదాచుకునే చోటు. కింద హాల్లో పద్నాలుగు కుట్టుమిషన్లు. మేడమీద పిల్లలకి సాయంత్రం చదువు. కుట్టుపని నేర్చుకున్నవాళ్ళు ప్రతిచోటా ఉన్నారు, మిషన్ ఆగితే బాగుచేసే ఆడమనిషి మాత్రం కనపడదని, వార్డెనమ్మ ఆరునెలల రిపేరు కోర్సు పెట్టి అతన్ని పిలిచింది.

మొదటిరోజే గొడవైంది. ఎప్పుడూ మెడలో కొలతల టేపు వేలాడుతుంటుంది కాబట్టి అందరూ 'టేపు' అని పిలిచే అమ్మాయి, ఒక స్క్రూని తప్పువైపు తిప్పుతోంది.

"అలాక్కాదు, ఇటివ్వండి," అంటూ అతను స్క్రూడ్రైవర్ లాక్కోబోయాడు.

"ఇవ్వను. మీరు తిప్పితే మీకొస్తుంది. నాకెలా వస్తుంది?"

హాలంతా గొల్లున నవ్వింది. ఆనాటి నుంచి అతను రెండు చేతులూ వెనక్కి కట్టుకునే పాఠం చెప్పాడు. చేత్తో అరనిమిషంలో అయ్యే పనిని నోటితో చెప్పడానికి అరగంట పట్టేది.

"ఎడమవైపు... ఎడమండీ... అది కుడి!"

"నాకెదురుగా నిలబడి మీ ఎడమ చెప్తే నాకు కుడే అవుతుంది సార్. ఇటొచ్చి చెప్పండి."

అటు వెళ్ళి చెప్పాడు. అటువైపు నిలబడడమే అలవాటైపోయింది. ఆమెకి ఆరేళ్ళ పాప ఉందని, ఆ పాప మేడమీంచి దిగొచ్చి రోజూ ఒక కొత్త పద్యం అప్పజెప్తుందని, ఆమె నవ్వితే ముందు కళ్ళే నవ్వుతాయని, అన్నీ అక్కడినుంచే తెలిశాయి.

ఆదివారాలు కూడా పాఠం చెప్పడంతో ఆరునెలల కోర్సు నాలుగున్నర నెలలకే అయిపోవచ్చింది. ఒకరోజు వానకి కరెంటు పోయింది. వెలుతురు కోసం మిషన్లు కిటికీ దగ్గరికి జరుపుకుని కూర్చున్నారు.

"మమ్మల్ని వదిలించుకోవాలని అంత తొందరా సార్?" అంది టేపు.

"తొందరే," అన్నాడు, ఆలోచించకుండా.

ఆమె తల ఎత్తలేదు. ఆ తర్వాత మూడు క్లాసులు "సరేనండి", "అయిందండి" తప్ప మూడోమాట లేదు.

అతనికి నిజం చెప్పాలనే ఉంది. కానీ హోమ్‌లో పాఠం తప్ప వేరే మాట మాట్లాడనని వార్డెనమ్మకి సంతకం చేసిచ్చాడు. చెయ్యకపోయినా అడిగేవాడు కాదు. తిండీ నీడా ఇస్తున్న కప్పుకింద, పని నేర్పే మనిషే పెళ్ళిమాట ఎత్తితే, ఇష్టం లేదని ఆమె ఎలా చెప్తుంది? కోర్సు అయితే సర్టిఫికెట్ వస్తుంది, ఉద్యోగం వస్తుంది, సొంతంగా ఒక గది వస్తుంది. అప్పుడు అడగొచ్చు. నచ్చకపోతే ఆమె తన తలుపు తను వేసుకోవచ్చు.

కోర్సు చివర పరీక్ష. బయట ఎవరింట్లోనైనా పాడైన మిషన్ని ఒంటరిగా బాగుచేసి, ఇంటివాళ్ళ చేత సంతకం పెట్టించుకోవాలి. ఇళ్ళు చాలకపోతే అతను తన చిరునామా కూడా ఇచ్చాడు. చీటీలు తీస్తే అది టేపుకే వచ్చింది.

అతనింట్లో ఆమె మిషన్ తల వెనక్కి వంచి, వేలితో తడిమి, వాసన చూసింది.

"వంటనూనె."

కొడుకు అమ్మవైపు చూశాడు. అమ్మ కొడుకువైపు చూసింది. టేపు మాత్రం నాన్నవైపు చూసింది. ఆ గదిలో ఎవరివైపూ చూడని మనిషి ఆయనొక్కడే.

"చాలా ఇళ్ళల్లో జరిగేదేనండీ. కిర్రుమంటోంది కదా, సాయం చేద్దామని పోస్తారు. అది జిగురుకట్టి బిగుసుకుపోతుంది. కిరసనాయిలుతో కడిగితే సరి."

"నేనే పోశాను," అన్నాడు నాన్న, పేపరు వెనకనుంచి.

"ఎనిమిది నెలలా!" అంది అమ్మ.

"నువ్వు ఒప్పుకుంటావేమోనని చూశాను."

రెండు గంటలు పట్టింది. గుమ్మంలో చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డవాడు ఒక్కసారి ఆగలేక అడుగు ముందుకేశాడు.

"చేతులు సార్," అంది ఆమె, వెనక్కి తిరక్కుండానే. చెల్లెలు నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది.

మిషన్ తిరిగింది. అమ్మ ఒక పాతగుడ్డ మీద బారెడు కుట్టు వేసి చూసుకుంది. కాగితం అందుకుంటూ అడిగింది, "ఎక్కడుంటావమ్మా?"

"హోమ్‌లోనండి. నేనూ, మా పాపా. ఒకటో తరగతి చదువుతోంది."

అమ్మ కలం కాస్సేపు ఆగింది. కొడుకు మొహం ఒకసారి చూసింది. సంతకం పెట్టి, ఎవరూ అడక్కపోయినా దానికింద 'చాలా శ్రద్ధగా చేసింది' అని రాసింది.

అతను మెట్లదాకా సాగనంపాడు.

"బట్టల యూనిట్‌లో మిషన్లు చూసే పని ఖాయమైంది," అంది ఆమె. "ఒకటో తారీఖున గదికి మారుతున్నాం. మీ తొందర తీరింది కదా?"

"తొందర ఎందుకో ఒకటో తారీఖు దాటాక చెప్తాను."

"ఇప్పుడే చెప్పండి. సంతకం అయిపోయింది, మీరింక నాకు సార్ కాదు."

చెప్పాడు. నాలుగు వాక్యాలే. ఆఖరిది పెళ్ళిమాట.

"దీనికా!" అంది ఆమె. "ఆ కోపంలో నేను బిగించిన స్క్రూలు విప్పలేక క్లాసంతా నన్ను తిట్టిపోశారు."

నవ్వింది, ముందు కళ్ళతోనే. నాలుగు మెట్లు దిగి, ఆగి, మళ్ళీ పైకెక్కింది. మెడ తడుముకుంది. "టేపు మర్చిపోయాను."

తలుపు పక్కన ముగ్గురూ నిలబడి ఉన్నారు. టేపు అమ్మ చేతిలో ఉంది.

"ఆ మెట్లమీద చిన్నమాటన్నా లోపలికి వినపడుతుంది," అంది అమ్మ. "నీ మాట కూడా లోపలికొచ్చి చెప్పు. కాదన్నా సరే, మేమేం అనుకోం."

ఆమె టేపు మెడలో వేసుకుంది. గొంతు పెంచలేదు, దించలేదు.

"ఇన్నేళ్ళలో నేను తాళం వేసి, నేనే తీసిన ఇల్లు ఒక్కటీ లేదండి. ఒక ఏడాది నా గదిలో నేనూ పాపా ఉంటాం. తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. ఆ తర్వాత మీ అబ్బాయిని చేసుకుంటాను."