ఏడుపు మాన్పించే కుర్చీ

ఆ మేడమీది ఫోటో స్టూడియో పేరెత్తితే ఆ వీధిలో తల్లులు ఇప్పటికీ చంకలోని పిల్లల్ని గట్టిగా అదిమి పట్టుకుంటారు. పగలైతే పోనీ అంటారు గానీ, దీపాలు పెట్టాక మాత్రం ఆ మెట్లెక్కొద్దంటారు. అక్కడెవరో ఉరేసుకున్నారనో, తెల్లచీర తిరుగుతుందనో అనుకునేరు. అలాంటిదేం లేదు. ఆ గదిలో ఒక మూలన ఓ కుర్చీ ఉంది. దాంట్లో కూర్చోబెడితే పసిపిల్లలు ఏడవరు... అంతే.

అంతేనా, ఇంతోటిదానికి భయమెందుకని నేనూ నవ్వాను. కింద కొట్లో ఫోటోలకి ఫ్రేములు కట్టే ఆయన మాత్రం నవ్వలేదు. పళ్ళమధ్య పట్టుకున్న మేకు తీసి పక్కన పెట్టాడు. "కూర్చోండి, చెబుతాను" అన్నాడు.

ఆయన చెప్పిందే మీకు చెబుతున్నాను. విన్నాక నాకూ నవ్వు రాలేదు.

ఆ స్టూడియోని అప్పట్లో ఒకమ్మాయి తీసుకుంది. చిన్న వయసు, చంకలో పాప. కుటుంబాలకి ఫోటోలు తీయడం ఆమె పని కాబట్టి వీధిలో అందరూ ఫోటో అమ్మాయి అనేవాళ్ళు. ముందు గదిలో స్టూడియో, వెనక గదిలో కాపురం. మొగుడికి అచ్చాఫీసులో రాత్రి డ్యూటీ. అతను వచ్చేసరికి ఆమె కెమెరా సర్దుకుంటూ ఉండేది, ఆమె తలుపులు మూసేసరికి అతను చెప్పులు తొడుక్కుంటూ ఉండేవాడు. మొగుడూ పెళ్ళాల మాటలన్నీ ఆ గుమ్మంలోనే.

ఫోటో తీయడమంటే బటన్ నొక్కడమే కదా అనుకుంటాం. కుటుంబం ఫోటో తీసిన వాళ్ళనడగండి, చెబుతారు. తాతగారు సరిగ్గా సమయానికి కళ్ళు మూస్తారు. అల్లుడుగారు ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాగుతారు. ఆడపడుచు పక్కన నిలబడనని వదినగారు మొహం మాడ్చుకుంటుంది. వీళ్ళందర్నీ బతిమాలి, బామాలి ఒక్కచోట నవ్వించేసరికి ఒళ్ళోని పసివాడు రాగం అందుకుంటాడు. ఫోటో అమ్మాయి కెమెరా నెత్తిన కీచుమనే బాతుబొమ్మ ఒకటి కట్టుకుంది. దాన్ని నొక్కుతూ, "ఇటు చూడు బంగారం... ఇటు, ఇటు, ఇటే!" అని గొంతు చించుకునేది. ఎంత మొండిఘటమైనా ఆ పిలుపుకి పకపకా నవ్వాల్సిందే.

అందరి పిల్లలూ నవ్వారు. ఒక్క ఆమె కూతురే నవ్వలేదు.

పుట్టిన దగ్గర్నుంచీ పాపది ఒకటే ఏడుపు. ఎత్తుకుంటే ఏడుపు, దించితే ఏడుపు. డాక్టరు చూసి ఏమీ లేదన్నాడు, అదే తగ్గుతుందన్నాడు. సాయంత్రమయ్యేసరికి ఫోటో అమ్మాయి గొంతు బొంగురుపోయేది, ఉన్న నవ్వంతా ఊళ్ళోవాళ్ళ పిల్లలకే అయిపోయేది. కూతురి ముందు కూర్చుని "ఇటు చూడు" అందామంటే మాట పెగిలేది కాదు. పాప మొహం అటు తిప్పుకునేది.

"ఒక్కసారి నవ్వవే తల్లీ... నన్ను చూసి ఒక్కసారి" అనేది ఆమె. ఇంకేమీ అడగలేదు పాపం, అదొక్కటే. తల్లీకూతుళ్ళు కలిసి దిగిన ఫోటో కూడా ఒక్కటి లేదు. కెమెరా వెనక నిలబడే మనిషి ఫోటోలోకి ఎలా వస్తుంది?

ఇక కుర్చీ సంగతి. అది స్టూడియోతోపాటే వచ్చింది. చేతులున్న పెద్ద కుర్చీ, దానిమీద నేలదాకా జారే ముదురాకుపచ్చ గుడ్డ. కొన్నాళ్ళు ఆమె దాన్ని పట్టించుకోనే లేదు. ఒకరోజు, ఇంకా మెడైనా సరిగ్గా నిలవని పసివాడొకడు గుక్కపట్టి ఏడుస్తుంటే, ఎత్తుకుని ఎత్తుకుని చేతులు లాగేస్తున్న వాళ్ళమ్మ కాసేపని వాణ్ణి ఆ కుర్చీలో పడుకోబెట్టింది.

ఏడుపు ఆగిపోయింది.

ఆ తర్వాత... వాడు మెల్లగా పైకి లేచాడు. నిటారుగా కూర్చున్నాడు — వెనకనుంచి ఎవరో పట్టుకున్నట్టు.

"ఓయబ్బో, మావాడు అప్పుడే కూర్చున్నాడే!" అని వాళ్ళ నాయనమ్మ మురిసిపోయింది. బాతు కీచుమంది, ఫోటో బ్రహ్మాండంగా వచ్చింది.

ఆనాటినుంచీ పసిపిల్లలందరికీ ఆ కుర్చీయే. ఆ అమ్మాయి చేతిలో ఏదో ఉందని ఊరంతా పేరొచ్చింది. ఆమె కూడా ఎందుకు, ఏమిటి అని ఆరా తీయలేదు. పని సాఫీగా సాగిపోతుంటే ఎవరు తీస్తారు చెప్పండి?

చిరాకల్లా ఒక్కటే. సాయంత్రం కంప్యూటర్ ముందు కూర్చుని ఫోటోలు సరిచేస్తుంటే, ప్రతి గౌనుకీ, ప్రతి చొక్కాకీ నడుం దగ్గర మడతలు. అటు నాలుగు, ఇటు నాలుగు. ఏ పిల్ల ఫోటో చూసినా అవే. రోజూ వాటిని చెరిపి నున్నగా చేసేది. ఒకనాడు చెరుపుతూ చెరుపుతూ చెయ్యి ఆపింది. ఏమనిపించిందో... తన నాలుగు వేళ్ళూ తెరమీది మడతలకి ఆనించి చూసింది.

సరిపోయాయి.

కుర్చీవైపు తిరిగి చూడ్డానికి ధైర్యం చాల్లేదు. కానీ పొద్దున్నే ఇంకో కుటుంబం వస్తుంది, ఈ ఫోటోలు అందాలి. ఆమె ఆ మడతల్నీ చెరిపేసి కంప్యూటర్ ఆపేసింది.

ఆ రాత్రే పాప ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది. భుజాన వేసుకుని గదంతా తిరిగింది, దీపం ఆర్పింది, మళ్ళీ వెలిగించింది. ఎంతకీ ఆగదు. నిద్రలేక ఆమె కాళ్ళు తడబడుతున్నాయి. ఇంకో అడుగు వేస్తే పాపతో సహా పడిపోతానేమో అనిపించింది.

"ఒక్క నిమిషం... ఒక్క నిమిషమే" అని గొణుక్కుంటూ పాపని ఆ కుర్చీలో దించింది.

గప్‌చుప్.

ఆకుపచ్చ గుడ్డకి జారబడి, పెద్ద పెద్ద కళ్ళతో పాప హాయిగా కూర్చుంది. గుడ్డ అటూ ఇటూ సన్నగా ఊగుతోంది — కిటికీలన్నీ మూసే ఉన్నాయి. వద్దు, తీసేయాలి, ఇప్పుడే తీసేయాలి అనుకుంటూనే ఆమె కుర్చీ ముందు నేలమీద కూలబడి నిద్రపోయింది.

మర్నాడు కూడా ఒక్క నిమిషమే. ఆ మర్నాడూ అంతే. తర్వాత ఆ మాట కూడా అనుకోవడం మానేసింది.

కొన్నాళ్ళకి పాప ఆమె చేతుల్లోకి రావడం మానేసింది. ఎత్తుకుంటే విల్లులా వెనక్కి విరుచుకునేది. ఎక్కడున్నా చేతులు ఆ మూలకే చాచేది. పాలకి దగ్గరికి తీసుకుంటే, ముక్కూ మొహం తెలియని మనిషిని చూసినట్టు చూసి పెదాలు బిగించుకునేది. కన్నతల్లికి అంతకన్నా ఏం కావాలి, గుండె పగలడానికి!

ఒకనాటి పొద్దున ఆమె మెట్లు దిగి ఫ్రేముల ఆయన దగ్గరికి వెళ్ళింది.

"బాబాయ్, ఆ పైనున్న కుర్చీ ఎవరిది?"

ఆయన తలెత్తలేదు. "ఎవరిదని కాదమ్మా... ఎవరూ అని అడుగు" అన్నాడు గొంతు తగ్గించి.

"అంటే?"

"పాత ఫోటోగ్రాఫరు భార్య. అప్పట్లో ఇన్ని లైట్లెక్కడివమ్మా, ఫోటో పడాలంటే కాసేపు కదలకుండా ఉండాలి. పసిపిల్లలు ఉంటారా? కదిలితే మొహమంతా అలుక్కుపోయేది. అందుకని ఆవిడ అందులో కూర్చుని నిలువునా ఆ గుడ్డ కప్పేసుకునేది. కిందనుంచి బిడ్డ నడుం పట్టుకునేది. ఫోటోలో చూస్తే కుర్చీ, కుర్చీలో బిడ్డ. ఆవిడ కనపడదు. నేనూ ఆవిడ ఒళ్ళో కూర్చున్నవాణ్ణే. అందరి పిల్లల్నీ పట్టుకుంది... తనకి మాత్రం కడుపు పండలేదు."

"ఏమైంది ఆవిడ?"

"ఒకరోజు ఫోటో అయిపోయింది. బిడ్డని తీసుకున్నారు. ఆవిడ గుడ్డ తియ్యలేదు..." ఆయన చేతిలోని ఫ్రేము కింద పెట్టాడు. "ఎంతసేపటికీ తియ్యలేదమ్మా."

పైనుంచి పాప ఏడుపు వినిపించింది.

"ఖాళీ చేసెయ్యి తల్లీ. పిల్లని తీసుకుని ఎటైనా వెళ్ళిపో" అన్నాడాయన.

ఎటైనా అంటే ఎటు? ఆ సాయంత్రం ఆమె కుర్చీని ఈడ్చుకెళ్ళి మెట్లమీద పడేసింది. పాప ఏడ్చి ఏడ్చి నీలంగా మారింది, ఊపిరి అందక ఎగపోసింది. చివరికి తన చేతులతోనే కుర్చీని మళ్ళీ లోపలికి తెచ్చుకుంది. మొగుడితో చెబితే, "నిద్రలేక అలా అనిపిస్తోందే నీకు. ఆదివారం నేను చూసుకుంటాలే, పడుకుందువుగాని" అన్నాడు. మంచివాడే. కానీ ఆదివారం ఇంకా రాలేదు.

ఆ రాత్రి ఆమె కుర్చీ ముందు నిలబడింది. అందులో పాప ప్రశాంతంగా ఉంది. భయం ఏనాడో పోయింది, ఇప్పుడు మిగిలింది కుళ్ళు. తొమ్మిది నెలలు మోసింది తను, పురిటినొప్పులు పడింది తను. ఇవాళ తన కూతురికి అమ్మ ఓ కుర్చీనా?

"లే" అంది ఆమె, పళ్ళ బిగువున. "నా పిల్లని నేను పట్టుకుంటాను. లే అక్కణ్ణుంచి!"

గుడ్డ ఒక్కసారి ఊగి ఆగిపోయింది. కుర్చీ కిర్రుమంది — ఎవరో లేచినట్టు.

ఆమె పాపని ఎత్తుకుని ఆ కుర్చీలో కూర్చుంది. గుడ్డని తలమీదుగా లాక్కుంది. లోపల చీకటి, పాతబట్టల వాసన, ఎవరో ఇప్పటిదాకా కూర్చున్న వెచ్చదనం. పాపని గుడ్డమీదుగా ఒళ్ళో పెట్టుకుని నడుం పట్టుకుంది.

పాప ఏడవలేదు. వెనక్కి జారబడి తల్లి గుండెకి తల ఆనించింది... పుట్టాక మొదటిసారి. గుడ్డకింద ఆ పిచ్చితల్లికి కన్నీళ్ళు ఆగలేదు. ఇలాగే ఉండిపోతే బాగుణ్ణు, తెల్లారకపోతే బాగుణ్ణు అనుకుంది.

అప్పుడు... ఎదురుగా కెమెరా దగ్గర బాతు కీచుమంది.

గదిలో ఎవరూ లేరు. తలుపు గడియ పెట్టింది తనే.

బాతు మళ్ళీ కీచుమంది.

"ఇటు చూడు బంగారం... ఇటు, ఇటు, ఇటే!"

అది ఆమె గొంతే. బొంగురుపోని గొంతు, అలసటన్నది ఎరగని గొంతు. కూతురి కోసం ఏ సాయంత్రమూ మిగలని గొంతు.

ఒళ్ళో పాప ఉలిక్కిపడి ముందుకి వంగింది. తర్వాత నవ్వింది — పకపకా, ఒళ్ళంతా ఊగిపోయేలా.

"అమ్మ!" అంది.

తొలి మాట. కెమెరావైపు చేతులు చాచి అంది.

ఆమె వేళ్ళు బిగించింది. పట్టుకుంది, ఎంత గట్టిగా పట్టుకోగలదో అంత గట్టిగా పట్టుకుంది. అయినా ఒడిలోంచి బరువు తేలిగ్గా లేచిపోయింది. గుడ్డ తీద్దామంటే చెయ్యి లేవలేదు. అరిచింది. తన అరుపు తనకే వినపడలేదు. అవతల అడుగులు, ముద్దుల చప్పుడు, పాప కిలకిలలు. ఆ తర్వాత లైట్లన్నీ ఒకటొకటిగా ఆరిపోయాయి.

పొద్దున మొగుడు వచ్చాడు. గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏంటే... పాప నవ్వుతోంది!"

"నా చేతికి అలవాటుపడిందండీ" అంది ఆమె గొంతు, చల్లగా. "రండి, కెమెరాకి టైమరు పెట్టి ముగ్గురం ఒక ఫోటో దిగుదాం."

తల్లీకూతుళ్ళు కలిసి దిగిన మొదటి ఫోటో అది. దానికి ఫ్రేము కట్టింది కింది కొట్లోనే. తండ్రి, తల్లి, తల్లి మెడ కరుచుకుని నవ్వుతున్న పాప. వెనకాల మూలన కుర్చీ. కుర్చీ గుడ్డమీద, మనిషి మొహం ఉండేంత ఎత్తులో, రెండు తడిమరకలు.

"కుర్చీ తడిసిందేంటి?" అని మొగుడు అడిగాడట.

"తుడిచాను" అందట.

కాసేపటికి ఆ రోజు మొదటి కుటుంబం మెట్లెక్కి వచ్చింది. చంటిది గుక్కపట్టి ఏడుస్తోంది. "ఇలా ఇవ్వండమ్మా, ఇక్కడ కూర్చోబెడదాం" అంది ఆ గొంతు. బిడ్డని తెచ్చి కుర్చీలో దించి చేతులు తీసేసింది.

గుడ్డకింద ఆమెకి తెలుసు. తను పట్టుకోకపోతే చాలు. బిడ్డ ఏడుస్తుంది, పడిపోతుంది, ఎవరో ఒకరు పరిగెత్తుకొస్తారు, అనుమానపడతారు, గుడ్డ లాగి చూస్తారు. పట్టుకోకూడదు... పట్టుకోకూడదు... అనుకుంది.

చంటిది ఇంకా కూర్చోలేని పిల్ల. మెడ వాలిపోయింది. పక్కకి ఒరిగి, కుర్చీ అంచుమీదనుంచి జారింది.

ఆమె చేతులు దాన్ని పట్టుకున్నాయి.

ఏడుపు ఆగింది. బాతు కీచుమంది. ఫోటో బ్రహ్మాండంగా వచ్చింది. చంటిదాని గౌనుమీద నడుముకి అటు నాలుగు, ఇటు నాలుగు మడతలు పడ్డాయి. సాయంత్రం కంప్యూటర్ ముందు కూర్చుని, పాపని ఒళ్ళో పెట్టుకుని, ఆవిడ వాటిని చెరిపేసింది.