ఊగిన ముల్లు

శవాన్ని పడవలోకి లాగేసరికి ఉదయం పదిన్నర.

సిలిండర్ విప్పి పక్కన పెట్టారు. మీటర్‌లో ముల్లు సగానికి పైనే నిలబడి ఉంది. అంటే గాలి ఉంది. వాల్వ్ పూర్తిగా తెరిచి ఉంది. అంటే గాలి వచ్చే దారీ ఉంది. అయినా ఆ అమ్మాయి గాలి కోసం కొట్టుకుని పైకి పరుగెత్తింది.

ఆమె ఫిజియోథెరపిస్టు. సరదా కొద్దీ స్కూబా డైవింగ్ కోర్సులో చేరింది. సముద్రం అడుగున మోకాళ్ళ మీద కూర్చుని, కోచ్ చెప్పినట్టు ప్రాక్టీస్ చేస్తూ చేస్తూ, ఉన్నట్టుండి ఊపిరి బిగబట్టి పైకి దూసుకొచ్చింది. అలా వస్తే లోపలి గాలి ఉబ్బి ఊపిరితిత్తులు పగులుతాయి. పోస్ట్‌మార్టమ్‌లో తేలింది అదే.

ఎందుకు దూసుకొచ్చింది?

దానికీ వారంలోనే జవాబు దొరికింది. నోట్లో పెట్టుకుని గాలి పీల్చే రెగ్యులేటర్‌లో రబ్బరు పొర చిరిగిందట. పాత సెట్. అది ఆమె అన్నయ్యది. తనే సర్వీస్ చేసి చెల్లెలికిచ్చాడు. నిర్లక్ష్యం వల్ల మరణం అని అతని మీద కేసు సిద్ధమైంది.

సెలవు మీద వెళ్ళిన ఇన్‌స్పెక్టర్ అప్పుడే తిరిగొచ్చింది. స్టేషన్‌లో ఆమెకి అగ్గిపుల్ల అని పేరు. సన్నగా ఉంటుంది కాబట్టి అని ఆమె ముందు అంటారు. అసలు కారణం ఆమె లేనప్పుడు చెప్పుకుంటారు.

ఆమె ఫైలు తిరగేసింది. ఒక కాగితం దగ్గర ఆగింది.

“ఈ రిపోర్ట్ ఎవరిచ్చారు?”

“ఎక్స్‌పర్ట్ మేడమ్,” అన్నాడు ఎస్సై.

“ఎవరా ఎక్స్‌పర్ట్?”

“డైవింగ్ స్కూల్ వాళ్ళ సర్వీస్ సెంటర్. ఊళ్ళో అదొక్కటే ఉంది మేడమ్.”

“ఆ పిల్ల ఎవరి స్కూల్లో చచ్చిపోయింది?”

ఎస్సై టోపీ సర్దుకున్నాడు.

“నిన్నే అడుగుతున్నా.”

“వాళ్ళదే మేడమ్.”

“రెగ్యులేటర్‌కి సీల్ వేసి పంపావా?”

“కవర్లో పెట్టి ఇచ్చాను.”

“కవర్లో పెట్టి ఇచ్చావు. చాలా జాగ్రత్తగల మనిషివి.”

ఫైలు బల్ల మీద పడిన చప్పుడుకి బయట సెంట్రీ లేచి నిలబడ్డాడు.

*

అన్నయ్య ఓడల అడుగున వెల్డింగ్ చేసే డైవర్. చేతుల నిండా కాలిన మచ్చలు. ఇంటి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు, లోపలికి వెళ్ళడానికి ధైర్యం లేనివాడిలా.

లోపల తల్లి కుర్చీలో నిటారుగా కూర్చుంది.

“మీ అబ్బాయితో మాట్లాడాలమ్మా,” అంది ఇన్‌స్పెక్టర్.

“నాకు అబ్బాయి లేడు. ఉన్న ఒక్క కూతుర్నీ వాడు చంపేశాడు.”

మెట్ల దాకా వినిపించేలాగే అంది. ఇన్‌స్పెక్టర్ బయటికొచ్చి అతని పక్కన కూర్చుంది.

“ఆ సెట్ బాగానే ఉందా?”

“నేను దాంతోనే రోజూ నీళ్ళలోకి దిగేవాణ్ణి మేడమ్. చెల్లికిచ్చే ముందు పొరలన్నీ మార్చాను.” కాసేపాగి, “మార్చాననే అనుకుంటున్నాను,” అన్నాడు.

“అనుకోవడమేంటి?”

“అమ్మ అంటూ ఉంటే, మార్చానో లేదో నాకే తెలియడం లేదు.”

ఇన్‌స్పెక్టర్‌కి ఒళ్ళు మండింది. ఎవరి మీదో ఇంకా తెలియదు. కానీ మండింది.

*

డైవింగ్ స్కూల్లో క్లాస్‌రూమ్‌కి వెళ్ళాలంటే షాపు మధ్యలోంచే వెళ్ళాలి. అటూ ఇటూ కొత్త సూట్లు, కాళ్ళకి తొడుక్కునే ఫిన్లు, అద్దాల పెట్టెలో మెరిసే రెగ్యులేటర్లు. పాఠం వినేలోపే పర్సు తెరిపించే ఏర్పాటు. గోడ మీద పెద్ద అక్షరాలతో బోర్డు: ‘బయట కొన్న సామానుకి మా బాధ్యత లేదు.’

ఓనర్‌ని అందరూ కెప్టెన్ అంటారు. ఏ ఓడకి కెప్టెనో ఎవరూ అడగలేదు.

“చాలా బాధాకరం మేడమ్,” అన్నాడతను. “ఆ అమ్మాయికి లక్షసార్లు చెప్పాం. పాతది వద్దు, ప్రాణంతో చెలగాటం అని. వింటేనా?”

కోచ్ పక్కనే నిలబడ్డాడు. ముప్ఫై ఏళ్ళు ఉంటాయి. ఎండకి నల్లబడిన మొహం, చూపు నేల మీద.

“నీళ్ళలోకి దిగే ముందు ఆమె సామాను చెక్ చేశావా?” అని అడిగింది ఇన్‌స్పెక్టర్.

“లేదు మేడమ్. బయటి సెట్ అయితే మేం ముట్టుకోం. రూల్.”

“ఒక్కసారి కూడా ముట్టుకోలేదా? పైనా, కిందా?”

“ముట్టుకోలేదు.”

“వాళ్ళ సామానుకి వాళ్ళదే పూచీ మేడమ్,” అన్నాడు కెప్టెన్. “అన్నీ సంతకాలు పెట్టించుకున్నాం.”

“నీకు జీతం ఎంత?” అని కోచ్‌ని అడిగింది హఠాత్తుగా.

కోచ్ కెప్టెన్ వైపు చూశాడు.

“జీతం ఉండదు మేడమ్. అమ్మిన దాని మీద కమిషన్.”

“పాఠం చెప్పినందుకు?”

“అది... కోర్సు ఫీజు సార్‌కి వెళ్తుంది.”

*

ఆ రోజు ఆమెతో పాటు నీళ్ళలోకి దిగిన ఇంకో స్టూడెంట్ పళ్ళ డాక్టర్. క్లినిక్‌లో పేషెంట్ నోట్లో దూది కుక్కి, ఆ సందులో మాట్లాడాడు.

“పాపం, చక్కగా చేస్తోంది మేడమ్. కింద చాలాసేపు ఏ ఇబ్బందీ లేదు. మాస్క్ తీసి మళ్ళీ పెట్టుకుంది కూడా.”

“దగ్గిందా? నీళ్ళు మింగిందా?”

“అబ్బే. తర్వాత కోచ్ ఆమె వెనక్కెళ్ళి సిలిండర్ స్ట్రాప్ సర్దాడు. కాసేపటికి ఇబ్బంది మొదలైంది. మీటర్ ఎత్తి నాకు చూపించింది. ఊపిరి పీల్చినప్పుడల్లా ముల్లు కిందికి పడిపోతోంది, వదలగానే లేస్తోంది. పాత సెట్‌తో అదే గొడవ మేడమ్. నాకూ అయింది.”

ఇన్‌స్పెక్టర్ పెన్ను ఆగింది.

“మీకేమయింది?”

“నేనూ మొదట మా బావమరిది సెట్ తెచ్చుకున్నాను. సరిగ్గా అలాగే. ముల్లు ఊగింది, గాలి అందలేదు, ప్రాణం పోయిందనుకున్నాను. కోచ్ తన సిలిండర్‌కే ఉన్న స్పేర్ మౌత్‌పీస్ ఇచ్చి బతికించాడు. పైకి రాగానే షాపుకెళ్ళి కొత్తది కొన్నాను. దణ్ణం పెట్టి మరీ కొన్నాను.”

“పాతదేమైంది?”

“ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చేశాను. తుక్కులో వేస్తామన్నారు.”

“చూస్తే గుర్తుపడతారా?”

“గుర్తుపట్టడమేంటి? ఎవరూ మార్చెయ్యకుండా నా డ్రిల్‌తోనే దాని మీద చిన్న పన్ను బొమ్మ చెక్కాను.”

కుర్చీలో పేషెంట్ ఏదో అనబోయాడు. దూది అననివ్వలేదు.

ఇన్‌స్పెక్టర్ బయటికొచ్చి అన్నయ్యకి ఫోన్ చేసింది.

“పీల్చినప్పుడల్లా మీటర్‌లో ముల్లు పడి లేస్తే దానర్థం ఏంటి?”



“ఆ మాట మీకెవరు చెప్పారు?”

“అడిగిందానికి చెప్పు.”

అతను చెప్పాడు.  అగ్గిపుల్ల ఫోన్ పెట్టేసి కాసేపు ఎవరితోనూ మాట్లాడలేదు. ఆమె మాట్లాడకపోతే భయపడాల్సిన వాళ్ళు ఎక్కడో ఉన్నారని డ్రైవర్‌కి అర్థమైంది.

*

మర్నాడు నాలుగింటికి స్కూల్ క్లాస్‌రూమ్‌లో అందరినీ కూర్చోబెట్టింది. కెప్టెన్, కోచ్, పళ్ళ డాక్టర్, ఎస్సై. వెనక బెంచీలో ఒక చివర తల్లి, ఇంకో చివర అన్నయ్య.

బల్ల మీద ఒక సిలిండర్ పెట్టించింది. దానికి రెగ్యులేటర్ బిగించమని అన్నయ్యకి చెప్పింది.

“డాక్టర్‌గారూ, ఈ రెగ్యులేటర్ చూడండి.”

డాక్టర్ కళ్ళజోడు సర్దుకుని చూశాడు. మొహం మారిపోయింది.

“ఇది నాదే. పన్ను బొమ్మ ఉంది. ఎక్కడ దొరికింది?”

“కెప్టెన్ అద్దెకిచ్చే ర్యాక్ మీద. మీకు ప్రాణాంతకమైంది, ఊళ్ళోవాళ్ళందరికీ మాత్రం భేషుగ్గా పనిచేస్తోంది.”

“మేం రిపేర్ చేయించాం,” అన్నాడు కెప్టెన్.

“రిపేర్ చెయ్యడానికి అందులో ఏం పాడైందో చూద్దాం. ముందు మీ రిపోర్ట్. పొర చిరిగిందన్నారు. ఆ పొర చిరిగితే ఏమవుతుంది? గాలికి బదులు నోట్లోకి నీళ్ళొస్తాయి. మొదటి ఊపిరికే. ఆ అమ్మాయి కింద అంతసేపు హాయిగా పనులన్నీ చేసింది, ఒక్క దగ్గు దగ్గలేదు. అంటే నీళ్ళలో ఉన్నప్పుడు ఆ పొర బాగానే ఉంది. మీ సర్వీస్ సెంటర్‌కి వచ్చాకే చిరిగింది. నిన్న అంచు చూపించాను ఫోరెన్సిక్ వాళ్ళకి. బ్లేడ్ గాటు.”

ఎస్సై కుర్చీలో చిన్నవాడైపోయాడు.

“వాల్వ్ తెరిచే ఉందని మీ ఎస్సై రాశాడు కదా మేడమ్,” అన్నాడు కెప్టెన్. “గాలీ ఉంది. మరి తప్పు రెగ్యులేటర్‌ది కాక ఎవరిది?”

“మా వాడూ సరిగ్గా అలాగే మోసపోయాడు.” ఆమె వాల్వ్ పూర్తిగా తెరిచి రెగ్యులేటర్ బటన్ నొక్కింది. గాలి బుస్సుమంది. ముల్లు కదల్లేదు. తర్వాత వాల్వ్‌ని దాదాపు మూసేదాకా తిప్పి మళ్ళీ నొక్కింది. ముల్లు కిందికి పడింది. వదలగానే నెమ్మదిగా లేచింది.

డాక్టర్ లేచి నిలబడ్డాడు. “ఇదే. నేను చూసింది ఇదే.”

“వాల్వ్ అంటే కుళాయే. మీటర్ ఉన్నది దానికి ఇవతల, పైపులో. కుళాయి కొంచెమే తెరిచి ఉంటే పైపు ఖాళీ అవుతుంది, మెల్లగా నిండుతుంది. అందుకే ముల్లు ఊగుతుంది. పాత సెట్ అయినా కొత్త సెట్ అయినా ఒకటే. పైన అయితే ఎలాగో పీల్చుకోవచ్చు. లోతుకి వెళ్ళేకొద్దీ ఊపిరి ఊపిరికీ ఎక్కువ గాలి కావాలి. అక్కడ చాలదు.”

ఆమె కోచ్ వైపు తిరిగింది.

“వాల్వ్ ఉండేది వీపు వెనక. నువ్వు వెనక్కెళ్ళావు. బయటి సామాను ముట్టుకోనన్న మనిషివి స్ట్రాప్ సర్దావు. తర్వాతే ముల్లు ఊగింది. శవాన్ని పడవ దగ్గరికి తెచ్చేటప్పుడు మళ్ళీ తెరిచేశావు. నీళ్ళ కింద గిలగిల్లాడుతున్న పిల్ల వెనక్కి చెయ్యి పెట్టి తెరుచుకుందని చెప్పకు.”

కోచ్ పెదాలు తడుపుకున్నాడు.

“ఇదిగో,” అని రెగ్యులేటర్ అతని ముందుకు తోసింది. “ఆ పక్కనే మీ ట్రైనింగ్ పూల్ ఉంది. వాల్వ్ ఇలాగే ఉంచి అడుగుకి దిగు. ఏం కాదుగా?”

అతను దాన్ని ముట్టుకోలేదు.

“సారే నేర్పారు,” అన్నాడు చివరికి. “బయటి సెట్‌తో వచ్చిన ప్రతివాళ్ళకీ ఒకసారి గాలి తగ్గించమన్నారు. భయపడితేనే కొంటారన్నారు.”

“నేను అమ్మమన్నాను,” అన్నాడు కెప్టెన్ గట్టిగా. “చంపమన్నానా?”

“ఆమె గాలి లేదని నీకు సైగ చేసిందా?” ఇన్‌స్పెక్టర్ గొంతు తగ్గింది. అరిస్తే బాగుండేదనిపించింది ఎస్సైకి.

“చేసింది.”

“నీ దగ్గర స్పేర్ మౌత్‌పీస్ ఉంది. డాక్టర్‌కి ఇచ్చావు. ఆమెకెందుకివ్వలేదు?”

“ఇద్దామనే అనుకున్నాను మేడమ్. వెంటనే ఇచ్చేస్తే భయం పట్టదు. కొంచెం ఆగాను. అంతలో ఆమె...”



“ఇద్దరికీ బేడీలు వెయ్యి,” అంది ఇన్‌స్పెక్టర్ ఎస్సైతో. “ఈసారి కవర్లో పెట్టకు.”

కెప్టెన్ బెంచీ దగ్గర ఆగి తల్లికి నమస్కారం పెట్టబోయాడు. “అమ్మా, అన్ని షాపుల్లో చేసేదే ఇది. మా దురదృష్టం కొద్దీ—”

“నా కూతురు చచ్చిపోవడం నీ దురదృష్టమా?” అంది తల్లి.  ఎస్సై అతన్ని లాక్కుపోయాడు.

బెంచీ మీద ఇద్దరే మిగిలారు. తల్లి కొడుకు దగ్గరికి జరిగింది.

“సెట్ బాగానే ఉందని నువ్వు చెప్తూనే ఉన్నావు కదరా.”

“మొదట్లో చెప్పానమ్మా.”

“తర్వాతెందుకు చెప్పలేదు?”

“నేనే చంపానని నువ్వంటుంటే, నిజమేనేమో అనుకున్నాను.”

తల్లి నోరు తెరిచింది.  ఆ మనుషుల్ని తిట్టడానికి వచ్చిన మాటలు కన్నకొడుకు దగ్గర ఒక్కటీ పనికిరాలేదు. ఇన్‌స్పెక్టర్ తలుపు దగ్గరికి వేసి, తనే అడ్డంగా నిలబడి, ఎవర్నీ లోపలికి రానివ్వలేదు.