వాననీళ్ళ కాలువలో వంగపండు రంగు

రఘునాథ్‌ని చూసిన మొదటిరోజే కోమలి అతని తెల్లచొక్కాకి రంగేసింది.

కావాలని కాదు. నగరిలో వాళ్ళ నాయన గంగాధరానికి నూలుకు రంగులద్దే షెడ్డు ఉంది. ఆ వీధినిండా అలాంటి షెడ్లే, అందరిదీ ఒకటే అలవాటు. అద్దకం అయ్యాక మిగిలిన నీళ్ళను తొట్టిలోనే ఉంచుకుని మబ్బు కోసం చూస్తారు. వాన మొదలవగానే వీధి పక్కనున్న వాననీళ్ళ కాలువలోకి వదిలేస్తారు. అంత వానలో ఇవీ కలిసిపోతే ఎవరు కనిపెడతారు?

ఆ రోజూ చినుకు పడగానే నాయన కేకేశాడు.

"కోమలీ! వాన పడతాండాది, తొట్టి వదిలెయ్యమ్మా!"

కోమలి తొట్టి అడుగున బిరడా లాగింది. గోడ అవతల కాలువలోంచి ఎవరో కెవ్వుమన్నారు. పరుగెత్తి చూస్తే చేతిలో ఖాళీ సీసాతో ఒక యువకుడు. మెడ నుంచి నడుము దాకా వంగపండు రంగు.

"కాలవలో ఏం పని సార్ మీకు?" నవ్వు ఆపుకుంటూ దబాయించింది కోమలి.

"మున్సిపాలిటీలో కొత్తగా చేరినాను. ఈ నీళ్ళు పట్టుకోని టెస్టు చేయాల. ఇది వాననీళ్ళ కాలవమ్మా! వాననీళ్ళు తప్ప ఇంకేమీ రాకూడదు. యాడా ఆగకుండా నేరుగా కుశస్థలి ఏట్లో కలుస్తాది, తెలుసునా?"

"తెలుసు. ఆ చొక్కాకి మాత్రం సోపు పెట్టద్దండి."

"ఎందుకు?"

"సోపు దండగ. మా రంగు గట్టిది, పోదు."

కోపంగా చూడబోయి అతను నవ్వేశాడు. చిక్కంతా ఆ నవ్వుతోనే వచ్చింది.

అప్పట్నుంచి వాన పడితే చాలు, రఘునాథ్ ఆ వీధిలో ప్రత్యక్షమయ్యేవాడు.

"ఈ పొద్దు మీ షెడ్డులో నెమలికంఠం రంగేసినారు, అవునా?"

"ఎట్లా కనిపెట్టినావు?"

"ఏటికాడ నిలబడితే చాలు. మీ ఇంట్లో ఏం జరుగుతాండాదో అంతా తెలుస్తాది."

"అంతా తెలుస్తాదా?"

"అంతా."

కోమలి చెంపలు కనకాంబరం రంగుకు తిరిగాయి. ఆ రంగు కూడా అతను చూశాడు గానీ పేరు చెప్పలేదు.

తర్వాత అదే వాళ్ళ ఆటైపోయింది. మబ్బు పట్టగానే ఆమె ఫోన్‌కి మెసేజ్ వచ్చేది, 'ఈ రోజు ఏ రంగు?' అని. ఆమె చెప్పేది కాదు. కనిపెట్టుకో అని నవ్వే బొమ్మ పెట్టేది.

ఒకసారి మాత్రం అతను ఆటలాడలేదు.

"కోమలీ, ఊరి బయట రంగునీళ్ళు శుద్ధి చేసే ట్యాంకు రెడీ అయింది. మీ తొట్టి నుంచి దానికి పైపు కలిపితే చాలు. ఏటి పక్క ఊళ్ళో బావుల్లోకి కూడా మీ రంగు దిగుతాండాది. ఆడోళ్ళు నీళ్ళు చేదితే బిందెలో పచ్చగా కనబడతాండాయి. నేను నోటీసు పంపితే మీ నాయన కష్టపెట్టుకుంటాడు. నువ్వే మెల్లిగా చెప్పు."

"చెప్తాలే."

చెప్పలేదు. పైపు కలిస్తే కాలువలో రంగుండదు. రంగే లేకపోతే రఘునాథ్‌కి ఈ వీధిలో ఏం పని? కోమలి భయం అదొక్కటే. అతను మళ్ళీ అడిగితే, "నాయన సరే అన్నాడు. దీపావళి పోగానే కలుపుతాడంట" అని అబద్ధం కూడా ఆడింది. అతను నమ్మి, వాళ్ళ షెడ్డుకు ఒక్కదానికే నోటీసు ఆపించాడు. పక్కవాళ్ళు పైపుల కోసం తవ్వుతుంటే గంగాధరం, "మనది చిన్న షెడ్డు గదా, మనకు అక్కర్లేదేమో" అనుకున్నాడు. అప్పుడైనా కోమలి నోరు విప్పలేదు.

దీపావళి పోయింది. తుపాను వాన పట్టుకుంది. ఏటిని చూడటానికి పైఅధికారులు వచ్చారు. వీధిలో మిగతా అందరూ పైపులు కలుపుకున్నారు కనుక కాలువలో ఒకటే రంగు, ఎర్రగా. దాని వెంబడే నడుచుకుంటూ అందరూ గంగాధరం గుమ్మం ముందు ఆగారు.

"వీళ్ళకు నోటీసెందుకివ్వలేదు?" అని వాళ్ళలో పెద్దాయన రఘునాథ్‌ని నిలదీశాడు.

"ఒప్పుకున్నారు సార్, కలుపుతామని."

"ఎవురు ఒప్పుకునింది? నాకు ఎవురు చెప్పినారప్పా?" గంగాధరం మండిపడ్డాడు. "అబద్ధాలు గూడా ఆడతావా?"

రఘునాథ్ కోమలి వైపు చూశాడు. ఆమె ఒక్క మాటంటే చాలు. కోమలి తలవంచుకుని తడిసిన చెప్పుల్ని చూస్తూ ఉండిపోయింది.

"తప్పు నాదే సార్" అన్నాడు అతను.

షెడ్డుకు సీలు పడింది. రఘునాథ్‌ని చిత్తూరుకు మార్చేశారు. మబ్బులొచ్చాయి, పోయాయి. ఫోన్ మోగలేదు. ఏ మొహం పెట్టుకుని తను చేయగలదు?

నాయన మాత్రం రోజూ అన్నం ముందు కూర్చుని ఆ పిల్లోణ్ణి తిట్టేవాడు. ఒకరోజు కోమలికి ముద్ద దిగలేదు.

"ఆయప్ప అబద్ధం ఆడలేదు నాయనా. ఆడింది నేను."

అంతా విని గంగాధరం కంచంలోనే చేయి కడుక్కున్నాడు.

"సీలు పడితే పడిందిలేమ్మా. నలుగుర్లో ఆ పిల్లోణ్ణి అబద్ధాలకోరని అన్నానే, ఇప్పుడా మాట యాడికి పోయి కడుక్కునేది?"

ఆయన పైపు కలిపించాడు. సీలు తీశారు. ఆ మర్నాడే తెల్లచొక్కా వేసుకుని చిత్తూరు బస్సెక్కాడు. వచ్చాక ఏం జరిగిందో చెప్పలేదు, కోమలికి అడిగే ధైర్యం లేదు.

మళ్ళీ వానలు వచ్చాయి. కోమలి కాలువ గట్టున గొడుగు పట్టుకుని నిలబడింది. ఈ వానలన్నీ తన చేతులతో తనే పోగొట్టుకుంది.

"ఈ రోజు ఏ రంగు?"

వెనక్కి తిరిగింది. చేతిలో సీసా లేదు, నెత్తిన గొడుగు లేదు. ఒంటిమీద అదే చొక్కా, చెక్కుచెదరని వంగపండు మరక.

"నువ్వే చెప్పు" అంది.

అతను కాలువలోకి చూశాడు. "మట్టి రంగు. వాననీళ్ళు ఇట్లాగే ఉండాల." ఆమె వైపు తిరిగి అన్నాడు, "మీ నాయన వచ్చి నా చేతులు పట్టుకున్నాడు. అంతా చెప్పినాడు. ఎందుకు దాచిందో మాత్రం దాన్నే అడుగు అన్నాడు."

"రంగు ఆగిపోతే నువ్వు రావని."

రఘునాథ్ నెత్తి కొట్టుకున్నాడు.

"పిచ్చిదానా! నీళ్ళ కోసమే అయితే ఏటికాడే సీసా నింపుకోని పోయేవాణ్ని గదా. మీ వీధి దాకా ఎందుకొస్తా?"

కోమలి చేతిలో గొడుగు పక్కకు ఒరిగింది. ఇంత చిన్న సంగతి తనకెందుకు తట్టలేదు?

లోపల్నుంచి నాయన కేక వినిపించింది. "కోమలీ! ఆ పిల్లోణ్ణి ఎంతసేపు తడుపుతావు? ఇంట్లోకి పిల్చుకోని రా, అన్నం పెడదాము!"

ఆమె కదల్లేదు. కళ్ళు కారిపోతున్నాయి. ఇంత వానలో ఇవీ కలిసిపోతే ఎవరు కనిపెడతారులే అనుకుంది.

అతను కనిపెట్టాడు.