రొట్టె తుంచిన నేరం

ఊరి పెద్దల్లారా, తప్పు మీది. అందరికంటే ముందు ఈసర్ తాతది.

మన టోక్మోక్ బజారులో ఎవడైనా మనల్ని "చైనావాళ్లు, మీ దేశం పొండి" అంటే తూకంరాయి పట్టుకుని లేస్తారు. మా ముత్తాతలు చైనా నుంచి మంచుకొండలు దాటి వచ్చి నూటయాభై ఏళ్లయింది, ఇక్కడి చూ నది నీళ్లు తాగి పెరిగాం అని రొమ్ము చరుచుకుంటారు. అదే నోటితో, మన గడపలోకి వచ్చిన కుర్రాణ్ణి "చైనావాడు, నమ్మొద్దు" అని గెంటేశారు. ఏం నేరం చేశాడు? రొట్టె తుంచాడు.

కథ తెలియనివాళ్లు వినండి. తెలిసినవాళ్లు తలొంచుకుని వినండి.

దావూద్ కూతురు సఫూరాకి బజారులో బండి ఉంది. ఉడికించి చల్లార్చిన పిండిని తీగల్లా కోసి, వెనిగరు, వెల్లుల్లి, కారం కలిపి గిన్నెలో పెట్టి ఇస్తుంది. ఆ పిల్ల మాటలదీ అదే కారం.

ఒకరోజు చాంగ్‌లిన్ వచ్చాడు. చైనాలో మన ముత్తాతలు వదిలొచ్చిన షియాన్ నగరం వాడు, మనలాగే ముసల్మాను. ఊరి బయట వెల్లుల్లికని కడుతున్న కోల్డ్ స్టోరేజీలో మెషీన్లు బిగించే మెకానిక్. ఒక గిన్నె కళ్లు మూసుకుని తిని, ఇది నీకెవరు నేర్పారని అడిగాడు. మన మాటే, కానీ ఎక్కడో మెలిక. సగానికి పైనే అర్థమైంది. అర్థం కాని ముక్కల మీదే సఫూరాకి అనుమానం.

"ఎందుకు? దీనిక్కూడా ఫ్యాక్టరీ పెడతారా?" అంది.

వాడు నవ్వి ఇంకో గిన్నె అడిగాడు. మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. దేనికి వస్తున్నావని నిలదీస్తే వెనిగరు కోసం అన్నాడు. వెనిగరు సీసాల్లో పక్క కొట్లో దొరుకుతుందని చెప్పింది. అయినా ఈ బండి దగ్గరికే వచ్చాడు.

ఒక మధ్యాహ్నం కొండల మీంచి వాన దిగింది. గాలికి బండిమీది పట్టా లేచిపోతుంటే వాడు తాడు పట్టుకుని నిలబడ్డాడు. తను తడిసి ముద్దయ్యాడు, గిన్నెల్లో చుక్క పడనివ్వలేదు. అది సర్కారు ఖజానా ఏం కాదు, అంత కాపలా అక్కర్లేదని సఫూరా వెక్కిరించింది. వెక్కిరిస్తూనే తువ్వాలు విసిరింది. విసిరినందుకు తనమీద తనకే కోపం వచ్చింది. ముఖం తుడుచుకోవడానికి వాడు బల్లమీద పెట్టిన ఫోను లాక్కుని చూసింది. మసీదు చూరు, వెల్లుల్లి మళ్లు, తన నాయనమ్మ కొప్పు, ఆ తర్వాత మిరపకాయలు తరిగే చేతులు. తనవే. బోలెడు.

"నా చేతులెందుకు నీకు?"

"అమ్మకి పంపాను."

"మీ అమ్మ నా చేతులతో ఏం చేసుకుంటుంది?"

వాడు ఫోను అందుకుని జేబులో పెట్టుకున్నాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

ఈ ఫోటోల సంగతి పక్క బండివాళ్ల నోట పడి దావూద్ దాకా పోయింది. అక్కణ్ణుంచి మీరు అందుకున్నారు. పొలాలు కొలుస్తున్నాడన్నారొకరు. మన పాత పెళ్లిబట్టలు కాజెయ్యడానికి వచ్చాడన్నారు ఇంకొకరు. శుక్రవారం నమాజులో చివరి వరసలో నిలబడితే, నేర్చుకుని వచ్చి నటిస్తున్నాడన్నారు. ముందు వరసలో నిలబడి ఉంటే ఏమనేవారో.

చివరికి ఈసర్ తాత ఇంట్లో భోజనానికి పిలిచారు. భోజనం కాదు, విచారణ. బల్లమీద మూడేసి చొప్పున మూడు వరసల్లో తొమ్మిది గిన్నెలు. ఆ గిన్నెల మీంచి ప్రశ్నలు. పెళ్లికొడుకు తండ్రి ముఖానికి మసి ఎవరు పూస్తారు? పెళ్లికూతురి జడ విప్పి కొప్పు ఎప్పుడు కడతారు? వాడు తమ ఊళ్లో ఇప్పుడు పెళ్లిళ్లు హోటళ్లలో చేస్తారనీ, మసి పూయడం తనెప్పుడూ చూడలేదనీ ఉన్నమాట చెప్పాడు.

మీరు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. షియాన్ వాడికి షియాన్ పద్ధతి తెలియదా? అయితే దొంగే. అంతేనా మీ తర్కం? మనవాళ్లు ఆ ఊరు వదిలినప్పుడు ఎలా ఉందో అలాగే ఇంకా మన కోసం కూర్చుని ఉందనుకున్నారా? ఊరు నడుస్తుంది. మీరే నిలబడిపోయారు.

అప్పుడు మాంసం పులుసు వచ్చింది. భయంలో వాడి చేతులు తమకు అలవాటైన పనే చేశాయి. గుండ్రటి రొట్టె తీసుకుని, తలెత్తకుండా, సోయా గింజలంత ముక్కలుగా ఖాళీ గిన్నెలోకి తుంచడం మొదలుపెట్టాడు.

ఇక్కడ రొట్టెని బోర్లా కూడా పెట్టం. కిందపడితే ముద్దుపెట్టుకుని నుదుటికి ఆనించి తీస్తాం. అలాంటిది పెద్దల ముందు రొట్టెని నలిపి పోస్తున్నాడని మీకు ఒళ్లు మండింది.

"రొట్టెని కోళ్లకి మేతలా చేసేవాడు ఏ మసీదువాడురా?" అని ఈసర్ తాత లేచాడు. జబ్బ పట్టుకుని గేటు దాటించాడు. వీణ్ణి ఊళ్లో ఉంచొద్దని కంపెనీకి ఫోను చేయించాడు. ఆదివారం విమానానికి పంపేస్తాం అన్నారు వాళ్లు.

మర్నాడు వాడు బండి దగ్గరికి వచ్చాడు కానీ కూర్చోలేదు. సఫూరా గిన్నె ఇవ్వలేదు.

"నిజం చెప్పు. ఎవరు నువ్వు?"

"ఇక్కడికి రాకముందు తెలుసు. ఇప్పుడు తెలీదు."

"రొట్టె ఎందుకలా చేశావు?"

మా ఇంట్లో అందరం అలాగే తింటాం, చిన్నగా తుంచితేనే పులుసు లోపలికి ఇంకుతుంది, పెద్ద ముక్కలు చేస్తే అమ్మ గిన్నె వెనక్కి పంపేస్తుంది అని చెప్పాడు. ఆ తర్వాత, "వెనిగరు కోసం రాలేదు" అన్నాడు.

"తెలుసు. దానికింత ఆలస్యమా?" అని సఫూరా అటు తిరిగి మిరపకాయలు తరిగింది. కళ్లల్లో నీళ్లకి మిరపకాయల మీద నేరం మోపింది.

అయినా నమ్మలేదు. మన పిల్ల కదా. ఇంటికెళ్లి రొట్టె తీసి, వాడు చెప్పినట్టే తుంచి, పులుసు పోసి చూసింది. పక్కన వెల్లుల్లి ఒలుస్తున్న నాయనమ్మ చెయ్యి ఆగిపోయింది.

"ఎవరు నేర్పారే నీకిది?"

"ఆ దొంగ."

"మా తాత ఇలాగే తినేవాడే," అంది ముసలామె. "చంకలో పిల్లాడిగా కొండలు దాటొచ్చాడాయన. ఇలా తుంచడం వాళ్ల నాన్న దగ్గర నేర్చుకున్నాడట. పళ్లు లేవేమోనని మేం నవ్వేవాళ్లం. పళ్లన్నీ గట్టిగానే ఉండేవి. పిచ్చి అనుకున్నాం. ఆయన పోయాక ఇంకెవరూ తుంచలేదు."

నాయనమ్మ ఒక చెంచా తింది. గిన్నె పట్టుకుని వీధిలోంచి నడుచుకుంటూ ఈసర్ తాత ఇంటికి వెళ్లి, పెద్దలందరూ చూస్తుండగా ముందు పెట్టింది. మీరు పరాయితనమని గెంటింది మన పెద్దల తిండినే అని చెప్పింది.

అప్పుడైనా ఒప్పుకున్నారా? ముసలిదాని జ్ఞాపకాన్ని నమ్మలేమన్నారు. తర్వాత సఫూరాని అడిగారు, వాడి మీద నీకు అనుమానం లేదా అని.

"ఉంది తాతా. బోలెడు ఉంది. అది పోయేదాకా దగ్గరుండి చూసుకుంటాను. పెళ్లి చెయ్యండి."

దావూద్ ముందు దగ్గాడు, తర్వాత నవ్వు ఆపుకోలేకపోయాడు. అడిగేవాళ్లు వస్తే కాదనను అన్నాడు. కన్నతండ్రి మెత్తబడ్డాడు, మీరు మాత్రం కొత్త సాకు ఎత్తుకున్నారు. పిల్లనడగడానికి అబ్బాయి తరఫు పెద్దమనిషి టీ పొట్లాలు పట్టుకుని రావాలి, వీడికి ఈ దేశంలో పెద్దదిక్కు ఎవరున్నారు, ఒంటరిగా గుమ్మమెక్కేవాడు పెళ్లికొడుకు ఎలా అవుతాడు అని.

ఎవరున్నారా? వాడి ముత్తాతలూ మన ముత్తాతలూ ఒకే ఊరివాళ్లు. మనం వచ్చేశాం, వాళ్లు ఉండిపోయారు. అంతే తేడా.

ఈసర్ తాతా, ఇవాళ శుక్రవారం. ఆదివారం విమానం. నమాజు కాగానే కంపెనీకి మళ్లీ ఫోను చేసి, నేను పొరబడ్డానని నీ నోటితో చెప్పు. బజారుకెళ్లి ఎర్రకాగితం చుట్టిన మంచి టీ పొట్లాలు కొను. ఆ కుర్రాణ్ణి వెంటబెట్టుకుని దావూద్ గుమ్మం ఎక్కి, మా మనవడికి మీ పిల్లనివ్వండి అని అడుగు. సాయంత్రం దాకా ఆగకు. ఇప్పుడే లే.