ఏడవని అప్పగింత

పెళ్లి ఇక వారమే ఉందనగా కూతురు అన్న మాటకు చంద్రి చేతిలోని చేట అలాగే ఆగిపోయింది.

"యాడీ, ఆయన దోస్తులందరు భూపాలపల్లి బొగ్గుబాయి నుంచి వస్తరు. నువ్వు నన్ను పట్టుకొని గా ఢావ్లో మొదలుపెడితే నవ్వుతరు. గదొక్కటి వద్దు."

అమ్మను యాడీ అనడం ఒక్కటే కమ్లీకి మిగిలిన తండా మాట. తక్కినదంతా తెలుగే. ఎలా వస్తుంది మరి! తండ్రి చనిపోయిన ఏడాదే చిన్నపిల్లను తీసుకెళ్లి మానుకోట హాస్టల్లో వదిలింది తనే కదా…

ఢావ్లో అంటే అత్తవారింటికి వెళ్లే లంబాడీ పిల్ల తల్లి మెడ కౌగిలించుకుని, రాగం తీసి పాడుతూ ఏడ్చే ఏడ్పు. తల్లి కూడా గొంతు కలిపి ఏడుస్తుంది. ఆ మాటలు ముందుగా తల్లే నేర్పాలి. చంద్రికి వాళ్లమ్మ ఒక ఎండాకాలమంతా పశువుల వెంట తిరుగుతూ నేర్పింది. ఇప్పుడు పశువులూ లేవు, మేపే బీడూ లేదు. మరిపెడ చుట్టూ బీడంతా మిరపచేలయింది. ఆ చేలకు కూలికి పోయే ఆడవాళ్లు ఊరివాళ్ల నవ్వులు పడలేక ఒక్కొక్కరే అద్దాల లంగాలు పెట్టెల్లో దాచి చీరలు కట్టారు. తనతో గొంతు కలిపే నేస్తం తారి కిందటేడు కన్నుమూసింది. తండా నిండా మనుషులున్నారు… చంద్రి పాటకు బదులు పలికే గొంతు మాత్రం ఒక్కటీ లేదు.

సరే బిడ్డా అంది చంద్రి. పెళ్లికి కూతురు తెచ్చిన చీరే కట్టుకుంది.

పెళ్లినాడు మైకులో పాటలు మోగాయి. ఊరి అయ్యగారు మంత్రాలు చదివాడు. పెళ్లికొడుకు తుల్సీరాం మంచివాడే. అత్త కాళ్లకు మొక్కి, దిగులుపడొద్దని చెప్పాడు. జీపు కదిలే ముందు కమ్లీని దగ్గరకు తీసుకోగానే చంద్రి గొంతులోకి రాగం ఎగదన్నుకొచ్చింది. కొంగు నోట్లో కుక్కుకుంది… కమ్లీ పొడికళ్లతో బిగుసుకుపోయి నిలబడి, జీపెక్కి వెళ్లిపోయింది. ఏ గోలా లేకుండా ఎంత పద్ధతిగా జరిగిందో అని చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. ఆ మెప్పే ఆ తల్లి గుండెను కోసింది!

దసరా ముందు కమ్లీ ఒక్కతే బస్సు దిగి వచ్చింది. మొహం పీక్కుపోయి ఉంది. మొగుడు కొట్టాడా, తిట్టాడా అని అడిగితే అలాంటిదేమీ లేదంది. అక్కడి బొగ్గుబాయి క్వార్టర్లలో ఎవరిది ఏ ఊరో తెలియదట. తలుపులన్నీ మూసే ఉంటాయట. అతను డ్యూటీ నుంచి వచ్చి నిద్రపోతే, గోడలను చూస్తూ కూర్చుంటుందట.

"ఏడుద్దామన్నా ఏడుపొస్తలేదు యాడీ. ఆ దినం గొంతుల ఆగింది, ఇంక గట్లనే ఉన్నది. జర నాకు ఢావ్లో నేర్పు."

చంద్రికి ముందు కోపమే వచ్చింది. కూతురికి అర్థం కావాలని తెలుగులోనే అంది.

"గది ఇల్లు విడిచే పిల్ల పాడేది. నువ్వు విడిచి పోనే పోయినవు. ఇప్పుడెందుకు?"

"పోయిన గని… ఏడ్వకుంటనే పోయిన."

చంద్రి గడపలోనే చతికిలబడి, కూతురి చేతులు తన మెడచుట్టూ వేసుకుని, మొదటి మాట పాడింది. కమ్లీ తడబడుతూ అంది. అర్థమడిగింది. అమ్మా, నీ మందలో దూడను నేను, నన్ను ఎవరి వెంట తోలుతున్నావు అని చెప్పింది తల్లి.

"మంద అంటే ఎట్లుంటుండె?"

చంద్రి చెప్పింది… పొద్దున్నే లేచే దుమ్ము, మెడగంటల చప్పుడు, ఎవరి ఆవును వాళ్లు పేరు పెట్టి పిలిచే ఆడవాళ్లు. మూడో మాట దగ్గర కమ్లీ గొంతు పగిలింది. నెలల తరబడి ఆగిన ఏడుపు తల్లి భుజాన్ని తడిపేసింది.

ఆ రాగం విని ఇరుగుపొరుగు ఆడవాళ్లు వాకిళ్లలోకి వచ్చారు. ఒకరిద్దరు కళ్లు ఒత్తుకున్నారు. ఎవరూ గొంతు కలపలేదు, మాటలు మర్చిపోయారు. రేపు నీ బిడ్డకు ఇది నేర్పుతావా అని కూతురిని అడగాలనుకుంది చంద్రి. కానీ కమ్లీ తల నిమిరి, నాలుగో మాట అందించింది.