నల్ల తెరలో నవారు మంచం

నరసరావుపేటలో మా టైపు ఇన్‌స్టిట్యూట్ ఉన్న వీధి మే నెల మధ్యాహ్నాల్లో చానా బాగుంటుంది. నాకు మాత్రం బాగుంటుంది. ఎండకి వీధంతా తెల్లబడి, మనిషన్నవాడు కనపడక, హాల్లో మిషన్లు మాత్రం టకటకమంటుంటే, రేకుల మీద వాన పడుతున్నట్టు ఉంటుంది. ఆ వానలో ఎవరో గొడుగు పట్టుకుని నాకోసమే వస్తున్నట్టు ఊహించుకుంటూ కూర్చునేదాన్ని. దెయ్యాలు రాత్రిపూటే వస్తాయని అందరూ అంటారు. వాళ్ళెప్పుడూ మా వీధిలో మిట్టమధ్యాహ్నం చూసి ఉండరు.

నా పేరు మాణిక్యమ్మ. పది తప్పాను. మా అమ్మ పిడుగురాళ్ళలో సున్నపు బట్టీ పనికి పోతుంది. ఆమె దగ్గితే రుమాలు తెల్లగా అవుతుంది. నేనూ ఆ బట్టీకే పోవాల్సినదాన్ని. ఆపింది అనసూయక్క.

అనసూయక్క మా గోపాలకృష్ణయ్య మాస్టారి చెల్లెలు. ఇన్‌స్టిట్యూట్ మాస్టారిదే అయినా నడిపేది ఆమే. పెళ్ళి చేసుకోలేదు. కుడిచేతికి మగవాళ్ళ తోలుపట్టీ వాచీ పెట్టుకునేది. ఎవరన్నా నవ్వితే, “నా చెయ్యి, నా టైము. నీకేంది?” అనేది. నన్ను తీసుకొచ్చి మిషన్ ముందు కూర్చోబెట్టింది ఆమే. మాస్టారు కంప్యూటర్ కొంటున్నారని తెలిసిన రోజు నా జడ పట్టి లాగి, “వచ్చాక మొదట నేను కూర్చుంటానే మాణిక్యం. తర్వాత నువ్వు. మిగతావాళ్ళంతా మన వెనకే” అంది.

కంప్యూటర్ రాకముందే ఆమెకి జ్వరం వచ్చింది. నుదుటికి అమృతాంజనం పట్టించి వెనక గదిలో నవారు మంచం మీద పడుకుంది. మళ్ళీ లేవలేదు. తొందరలో ఎవరికీ గుర్తురాక వాచీతోనే కాల్చేశారు. మంచాన్ని కూడా కాల్చారు. నేను కళ్ళారా చూశాను.

ధనిష్ఠ నక్షత్రంలో పోయింది కాబట్టి ఆర్నెల్లు గది పాడుపెట్టాలన్నారు పంతులుగారు. పెరటివైపు తలుపుకి గొళ్ళెం పెట్టి, అడ్డంగా తుమ్మకంప వేశారు. గడువు తీరాక శాంతి చేసి ఆ తలుపు తీస్తే, లోపల ఏమన్నా ఉంటే అటే వెళ్ళిపోతుందట.

గడువు ఇంకా రెండు నెలల పైనే ఉండగా కంప్యూటర్ దిగింది. దానికి ఏసీ కావాలి, దుమ్ము తగలకూడదు. వీధి గదుల్లో కుదరదు. మాస్టారు రెండు రోజులు గడ్డం గోక్కున్నారు. మూడో రోజు మేస్త్రీని పిలిచి, హాలుకీ వెనక గదికీ మధ్య గోడ పగలగొట్టించారు.

“పంతులు తలుపు తియ్యొద్దన్నాడు గానీ, గోడ పగలగొట్టొద్దన్నాడా?” అని గర్వంగా మీసం సవరించుకున్నారు.

ఊడ్చే పాపమ్మ పిన్ని చీపురు కింద పడేసింది. “తలుపు మూసిపెట్టి మీరు గోడలోంచి దూరితే, లోపలుండే మనిషి ఎటు పోవాల మాస్టారూ?”

“నువ్వు ఊడ్చమ్మా ముందు.”

“ఊరంతా ఊడుస్తా. ఆ గది మాత్రం ఊడవను.”

కిటికీకి ఏసీ, దాని చుట్టూ నల్ల గుడ్డ, గోడకి ఒక ట్యూబులైటు. పగలే చీకటి. చెప్పులు బయట విడిచి లోపలికి పోవాలి. కంప్యూటర్‌కి కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, మాస్టారు స్విచ్ వేశారు. లోపల ఫ్యాన్ తిరిగింది. పెట్టె మీద దీపం వెలిగింది. లోపలేదో గర్రుగర్రుమంది.

తెర మీద ఏమీ రాలేదు. నల్లగా ఉండిపోయింది.

రోజూ అంతే. కరెంటు వస్తుంది, ఫ్యాన్ తిరుగుతుంది, తెర నల్లగా ఉంటుంది. చివరికి కంపెనీ నుంచి మనిషిని రమ్మన్నారు. అతనొచ్చే రోజు పొద్దున్నే మాస్టారు నన్ను పిలిచారు.

“చూడమ్మాయ్, ఈ పూట బాగవకపోతే సాయంత్రం జీపులో దీన్ని గుంటూరు పంపించేస్తా. దాని కోసమే నిన్ను ఉంచుకున్నా, ఇక నీకూ ఇక్కడ పనుండదు. మీ అమ్మ దగ్గరికి పో.”

నాకు నోట్లో సున్నం రుచి తగిలింది.

వచ్చినతని పేరు ప్రభాకరరావు. ఒత్తయిన మీసం, ఇస్త్రీ చొక్కా, చేతిలో తోలు సంచీ. గొడుగొక్కటే తక్కువ. నిజం చెప్పొద్దూ, నా ఊహలో వానలోంచి వచ్చేవాడికి ఆ క్షణంలోనే మొహం దొరికింది. ఆ మొహం గంట కూడా నిలవలేదు, అది వేరే సంగతి.

అతను వైర్లన్నీ పీకి పెట్టాడు. వెలుగు పెంచే బుడిపె తిప్పాడు. మళ్ళీ స్విచ్ వేసి చెవి ఒగ్గాడు. పెట్టెలోంచి ఒక పొడుగు కూత, రెండు పొట్టి కూతలు వచ్చాయి.

“విన్నారా? అది తనకేం జబ్బో చెప్తోంది. బొమ్మ పంపించే కార్డు సరిగా కూర్చోలేదు” అన్నాడు నాతో.

మూత విప్పి ఆ కార్డు తీశాడు. బడిపిల్లల రబ్బరుతో దాని అంచు రుద్ది, ఊదీ ఊదీ మళ్ళీ గట్టిగా నొక్కాడు. స్విచ్ వేశాడు. అవే కూతలు. అదే నలుపు. తెరకి మొహం దగ్గరగా పెట్టి వంగి చూస్తూ, విసుగ్గా అన్నాడు.

“ఏమండీ, వెనక మంచం మీద కూర్చున్నావిడని కాస్త లేవమనండి. గాజు మీద నీడ పడుతోంది.”



అతను వెనక్కి తిరిగాడు. ఒట్టి గోడ. మూసిన తలుపు. మళ్ళీ తెర వైపు చూశాడు. అతని మెడ మీద వెంట్రుకలు లేవడం నాకు కనపడింది. సంచీ చంకలో పెట్టుకుని ఒక్క ఉరుకులో హాలు దాటాడు. చెప్పులు కూడా తొడుక్కోలేదు. ఆ ఎండలో, ఆ తారు రోడ్డు మీద! అంత మీసం ఎందుకో మనిషికి?

హాల్లో మిషన్లు ఆగిపోయాయి. పిల్లలు పుస్తకాలు పట్టుకుని వెళ్ళిపోయారు. జీపుని పిలవమని మాస్టారు కేకేశారు. పాపమ్మ పిన్ని గోడ అవతల నించుని గుసగుసగా పిలిచింది. “మాణిక్యం... వచ్చెయ్యవే... నీకు దణ్ణం పెడతా...”

నేను పోలేదు. పోతే ఎక్కడికి? బట్టీకి. వెళ్ళి ఆ కుర్చీలో కూర్చున్నాను.

ఏసీ హోరు. కుంకుమ వాసన, కుళ్ళిన కొబ్బరి వాసన. వాటి కింద సన్నగా అమృతాంజనం వాసన... గాజులో ముందు నేనే కనిపించాను. తర్వాత ట్యూబులైటు, వంకరగా. తర్వాత...

మంచం.

కాలిపోయిన మంచం. దాని మీద ఒక మనిషి కూర్చుని ఉంది. కాళ్ళు వేలాడేసి. మొహం మూసిన తలుపు వైపు. బస్సు కోసం కాచుకున్న మనిషిలాగా...

వెనక్కి తిరిగాను. గోడ.

మళ్ళీ గాజులోకి చూశాను. మంచం ఖాళీ.

నా కుర్చీ వెనక ఎవరో నించుని ఉన్నారు.

టిక్... టిక్... టిక్... నా కుడి చెవి పక్కనే. కుర్చీ వీపు మీద చలి. ఊపిరి లేని గొంతు.

“మొదట... నేను...”

ఏడుపొచ్చింది. ఏడుస్తూనే కోపమొచ్చింది.

“లేవను” అన్నాను. “నువ్వు కూర్చుంటే నేను బట్టీకి పోవాలక్కా. వద్దన్నది నువ్వే కదా! నువ్వు పోయావు. నేను ఉన్నా. ఈ కుర్చీ నాది.”

టిక్... టిక్...

“తలుపు కావాలా? తీస్తా ఉండు.”

చెప్పులు మర్చిపోయి పెరట్లోకి పరిగెత్తాను. నాపరాళ్ళు నిప్పుల్లా ఉన్నాయి. తుమ్మకంపని రెండు చేతులతో పట్టుకుని లాగాను. ముళ్ళు దిగాయి. మాస్టారు పంచె ఎగ్గట్టుకుని వచ్చారు.

“ఏమే, పిచ్చెక్కిందా? ఇంకా రెండు నెలలుంది! పంతులుగారు రావాల, శాంతి చెయ్యాల!”

“గోడకి అక్కర్లేని శాంతి తలుపుకెందుకు మాస్టారూ?”

 నేను నెత్తురు చేతులతో గొళ్ళెం లాగి తలుపు తన్నాను. లోపలి చల్లగాలి ఒక్కసారిగా బయటికొచ్చింది. అమృతాంజనం వాసన, కాలిన తోలు వాసన. ఆ చలి వచ్చి నా మొహానికి తగిలింది. తగిలి... ఆగింది. ఎంతసేపో ఆగింది.

తర్వాత లేదు. పక్కనుంచి పోయినట్టు మాత్రం నాకు తెలియలేదు.

లోపల కుయ్ మని ఒకే ఒక్క చిన్న కూత వినిపించింది. చూస్తే, నల్ల తెర మీద పచ్చగా వెలుగుతూ అక్షరాలు. వరినారు మొలిచినట్టు. మాస్టారు గుమ్మంలోనే కూలబడి, “అనసూయా” అన్నారు. జీపు ఖాళీగా వెళ్ళిపోయింది.

అది జరిగి ఏడాది దాటింది. ఇప్పుడు కంప్యూటర్ బ్యాచికి నేనే నేర్పుతున్నా. ప్రభాకరరావు చెప్పుల కోసం రాలేదు. పాపమ్మ పిన్ని ఆ చెప్పులే వేసుకుని ఆ గది ఊడుస్తోంది. తెర మళ్ళీ ఎప్పుడూ మొండికెయ్యలేదు. ఆపేశాక గాజులోకి చూస్తూనే ఉంటా, కావాలనే. మంచం లేదు. నేనొక్కదాన్నే కనపడతా. భయం లేదా అని అడుగుతారు. ఎందుకు భయం? గెలిచింది నేను.

మొన్న ఎడ్లపాడు నుంచి వచ్చే పిల్ల ఒకతి, లక్ష్మి, టైమెంతయిందని అడిగింది. ఎటూ చూడకుండానే చెప్పాను. అది హాల్లోకి తొంగి గడియారం చూసి, సరిగ్గా చెప్పావే అన్నట్టు నవ్వింది. తర్వాత నా కుడి మణికట్టు వైపు చూసింది. ఎండకి నల్లబడ్డ చేతి మీద, చుట్టూ పట్టీలాగా, తెల్లటి గీత.

“వాచీ ఎప్పుడు తీసేశావక్కా?”

“నా చెయ్యి, నా టైము. నీకేంది?” అన్నాను.

నేను పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ వాచీ పెట్టుకోలేదు.