లక్షల ఏళ్ల నాటి సలహా

గొడుగు మూసే ఓపిక కూడా లేకుండా ఆమె గదిలోకి దూసుకొచ్చింది. తెరిచిన గొడుగు తలుపు దగ్గర ఇరుక్కుంది. రెండుసార్లు లాగి చూసి, అక్కడే వదిలేసి, నేరుగా అతని టేబుల్ ముందు నిలబడింది.

"మా అమ్మకి ఏం చెప్పారు?"

పరిశోధకుడు కంప్యూటర్ మీంచి తలెత్తాడు. ఆమె జుట్టులోని వాన అతని కాగితాల మీద టపటపా కారుతోంది. కాగితాలు జరుపుదామని చెయ్యి చాచి, ఆమె మొహం చూసి వెనక్కి తీసుకున్నాడు.

"ఏం చెప్పానండీ?"

"నంగనాచి కబుర్లు వద్దు. నాకు ఒళ్లు మండుతోంది."

ఏడాదిగా ఇద్దరిదీ ఒకటే గది. ఆడవాళ్లు భర్తలో ఏం చూస్తారు, మగవాళ్లు భార్యలో ఏం చూస్తారు, ఆ తేడాలు ఆదిమకాలం నుంచి ఎలా వచ్చాయి అన్నది అతని పరిశోధన. జనం నింపిన రెండు వేల ఫారాలు కంప్యూటర్‌లోకి ఎక్కించడం ఆమె ఉద్యోగం. నోరు తెరిస్తే "సగటున" అంటాడని అతనికి సగటుగారు అని పేరు పెట్టింది. ఆ పేరు వింటే అతను నవ్వేవాడు. ఆ నవ్వు కోసం ఆమె రోజుకు పదిసార్లు పిలిచేది. అతనేమో ఫారాల్లో తప్పులు వెతికే వంకతో ఆమె కుర్చీ పక్కనే నిలబడేవాడు. అంతకుమించి ఒక్క అడుగు పడలేదు.

నిన్న ఆమె మర్చిపోయిన ఫోన్ ఇవ్వడానికి తల్లి ఆఫీసుకి వచ్చింది. కూతురు బయటికి వెళ్లింది, అతనొక్కడే ఉన్నాడు. తల్లి అతనికి ఓ పెళ్లికొడుకు ఫొటో చూపించి, ఎలా ఉన్నాడు బాబూ అని అడిగింది. పెళ్లికొడుకు వాళ్లకి ఇవాళ నాలుగింటికల్లా జవాబు చెప్పాలి.

"మంచి సంబంధం అన్నాను. తప్పేముంది?"

"పూర్తిగా చెప్పండి! 'ఆడవాళ్లు స్థిరపడ్డవాణ్ణే కోరుకుంటారండీ, లక్షల ఏళ్లుగా అంతే. మీ అమ్మాయి పైకి అనకపోయినా మనసులో అదే ఉంటుంది' అన్నారా, లేదా?"

అతను తడిసిన కాగితాలు తుడవడం మొదలుపెట్టాడు.

"నా మనసులో ఎప్పుడు దూరి చూశారు?"

"డేటా ప్రకారం..."

"ఆ డేటా ఎక్కించింది నేను! నాకే చెప్తున్నారా?"

ఆమె మార్కర్ లాక్కుని బోర్డు మీద రెండు గుట్టలు గీసింది. ఒకటి కాస్త ఎడమకి, ఒకటి కాస్త కుడికి. మిగతా అంతా ఒకదాని మీద ఒకటి.

"ఇది మగవాళ్లు, ఇది ఆడవాళ్లు. అవతలివాళ్ల జీతాన్ని ఎవరెంత పట్టించుకుంటారన్న లెక్క. మనకి వచ్చింది ఇదే కదా?"

"ఇదే."

"ఇందులో నేనెక్కడున్నాను? చుక్క పెట్టండి."

మార్కర్ అతని చేతిలో కుక్కింది. అతను బోర్డు ముందు నిలబడ్డాడు. గుంపు సగటు చూసి ఒక మనిషి ఇలాంటివాడని రాసినందుకు పోయినవారమే ఒక విద్యార్థికి మార్కులు కోశాడు. అది గుర్తొచ్చి అతని చెవులు ఎర్రబడ్డాయి.

"చెప్పలేం," అన్నాడు.

"తెలియాలంటే?"

"అడగాలి."

"రెండు వేలమందిని అడిగించావు. ఏడాది నుంచి పక్కనే ఉన్నదాన్ని, నన్ను అడిగావా?"

"అడిగి ఏం చెయ్యను?" ఈసారి అతనికీ కోపం వచ్చింది. "ఎనిమిది నెలల్లో నా స్టైపెండ్ ఆగిపోతుంది. ఆ ఫొటోలో మనిషి వెనకాల రెండంతస్తుల ఇల్లుంది. నన్ను వద్దంటావని భయం వేసింది. భయమని మీ అమ్మగారితో ఎలా చెప్పను? అందుకే లక్షల ఏళ్లు అన్నాను!"

ఆ మాటతో ఆమె కోపం రెట్టింపయింది.

"ఎంపిక ఆడదానిదే అని మొన్న సెమినార్‌లో గంటసేపు ఊదరగొట్టావు. పక్షుల దగ్గర్నుంచి మనుషుల దాకా అంతే అన్నావు. మరి నా దగ్గరికొచ్చేసరికి ఆ ఎంపిక కూడా నువ్వే చేసేస్తావా?"

అతని దగ్గర ఉన్నదొక్కటే మాట, అదే బయటికి వచ్చింది.

"నువ్వంటే నాకిష్టం."

"నాకూ ఇష్టమే!" అని ఆమె అరిచింది. "పద, మా అమ్మకి చెబుదువుగాని. మూడున్నర అయింది."

ఇద్దరూ తడుస్తూనే వెళ్లారు. దారి పొడుగునా ఆమె తిడుతూనే ఉంది. అతను ఊ కొడుతూనే ఉన్నాడు. మధ్యలో ఎప్పుడో చెయ్యి పట్టుకున్నాడు. ఆమె చెయ్యి విడిపించుకోలేదు, తిట్లు ఆపనూ లేదు.

తల్లి ఇంట్లోనే బట్టలు కుడుతుంది. వాళ్లు వెళ్లేసరికి మిషన్ ముందు నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఉంది. అతను ఉన్నదున్నట్టు చెప్పేశాడు, స్టైపెండ్ సంగతితో సహా. ఆవిడ సూదులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేసి, అప్పుడు విరుచుకుపడింది.

"నేను నిన్నడిగింది లక్షల ఏళ్ల సంగతా? నా కూతురి సంగతి! ఫోన్ ఇవ్వడానికే అంత దూరం వచ్చాననుకున్నావా? ఇది రోజూ ఇంటికొచ్చి సగటుగారు, సగటుగారు అంటుంటే ఎవరా అని చూడ్డానికొచ్చాను. ఆ ఫొటో చూసి నీ మొహం కాస్త మాడినా చాలు, వాళ్లని అప్పుడే వద్దనేదాన్ని. నువ్వేమో పాఠం చెప్పి పంపించావు! రాత్రంతా నాకు నిద్రలేదయ్యా."

"తప్పయిపోయిందండీ."

"అయింది మరి!"

అంతలో ఫోన్ మోగింది. పెళ్లికొడుకు వాళ్లే. తల్లి గొంతు సవరించుకుంది.

"ఏమనుకోకండి, మా అమ్మాయి ఇంకొకర్ని ఎంచుకుంది... అబ్బాయా?"

గుమ్మంలో నీళ్లోడుతూ నిలబడ్డ అతన్ని కిందినుంచి పైదాకా ఒకసారి చూసింది.

"పిరికివాడండీ. కానీ నాలుగు కొట్టేలోపే వచ్చాడు."